లేని క్యూలో సారు

కాలేజీలో మాకు నెట్‌వర్క్‌ల క్యూయింగ్ థియరీ చెప్పిన సారుది ఒకటే మాట: "వచ్చిన వరసలోనే పోవాలప్పా." డేటా ప్యాకెట్లకే కాదు, పెనుకొండ బస్టాండులో మనుషులకూ అదే చెప్పేవారు. కాలేజీకి పోయే హిందూపురం బస్సు కనబడగానే మేమంతా కిటికీల్లోంచి తువాళ్లు వేసి సీట్లు పట్టేవాళ్లం. ఆయన మాత్రం లేని క్యూలో నిలబడేవారు.

ఆయన సబ్జెక్టు పరీక్ష రోజే నేను ఆ పాఠం చదువుకుంటూ బస్సు రావడం చూసుకోలేదు. తలెత్తేసరికి తలుపు దగ్గర ఒకటే తోపులాట. ఉన్నట్టుండి సారు తన జేబురుమాలు కిటికీలోకి విసిరారు.

"ఎక్కబ్బా, ఆ సీటు నీదే! ఈ పొద్దు నీకు పరీక్ష ఉండాది."

"మరి మీరు సార్?"

"నా వరస ఇంకా రాలేదులే."

బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఖాళీ బస్టాండులో ఆయనొక్కరే క్యూ కట్టి ఉన్నారు.