పిచ్చమ్మ ఎలుకలకు పోసిన నీళ్లు

రెండు వేల పదిహేడు జనవరి తొమ్మిది, సోమవారం. ఎనిమిది దాటినా పొగమంచు నరసరావుపేటను వదలలేదు. మా పక్కింటి పిచ్చమ్మ శాలువా బిగించుకొని ఫార్మసీ కళాశాలకు పనికి బయలుదేరింది. థైరాయిడ్ హార్మోను తక్కువైన మనిషి, చలికి ఓర్వలేదు. ప్రయోగాలకు పెంచే ఎలుకల బోనులు కడిగి, మేతా నీళ్లూ పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ గదిని అందరూ యానిమల్ హౌస్ అంటారు. ‘మూషికశాల’ అనవచ్చునని నేను సూచించాను.

“ఆ పేరు పెడితే ఎలుకలు కూడా రావు మాస్టారూ,” అన్నది.

అక్కడ పరిశోధన చేస్తున్న ఫిర్దౌస్, మెకానిక్ చాంద్ బాషా కూతురు, ఒకప్పుడు నా శిష్యురాలు. ఐదారు నెలలు సిద్ధపడి, క్యాన్సర్‌కు వాడే ప్లాటినం మందును కొన్ని ఎలుకలకు ఎక్కించి, గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఏమవుతుందో చూస్తున్నది. (గ్రంథి అంటే ముడి, గ్రంథమూ ఆ ధాతువు నుండి పుట్టినదే. ఈ ముచ్చట వినే ఓపిక ఇప్పుడెవరికి?) కణితిని చంపే మందు ఆ గ్రంథినీ దెబ్బతీస్తుందనీ, హార్మోను తగ్గి ఒళ్లు చల్లబడుతుందనీ ఆమె అంచనా.

మందు పడ్డ ఎలుకలు బోను మూలకు ముడుచుకున్నాయి.

“ఏందే ఫిర్దౌసూ, ఇయ్యి నా మాదిరే వణుకుతన్నయ్యి?”

“మందు పనిజేస్తంది అత్తా. నువ్వు బోను కడిగి పో.”

నెలాఖరున రక్తం పరీక్షిస్తే హార్మోను తగ్గలేదు సరికదా, మందు ఎక్కించని ఎలుకలలో కన్నా ఎక్కువగా ఉన్నది. పర్యవేక్షకుడు శివరామయ్యగారు అందరి ముందూ, “సూది వెయ్యకుండానే వేశానన్నావా?” అని అడిగారట. అదే ఖాయమైతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

ఆ సాయంత్రం పిచ్చమ్మ మా వసారా మెట్ల మీద చతికిలబడింది.

“రోజూ నేను మింగే థైరాయిడ్ మాత్ర ఉందిగా మాస్టారూ, అది నూరి ఆ వణికే ఎలుకల నీళ్ల సీసాలో కలిపా. దాంతో నాకు వణుకు కాస్త తగ్గింది, వాటికీ తగ్గుద్దనుకున్నా. చెప్తే నా పని పోద్ది. చెప్పకపోతే ఆ పిల్ల దొంగవుద్ది.”

నేను గొంతు సవరించుకున్నాను.

“మీరేం అనమాకండి. మొదలుపెడితే తెల్లారుద్ది,” అంటూ లేచిపోయింది.

మరునాడు శివరామయ్యగారి ఎదుట ఉన్నదున్నట్లు చెప్పింది. ఫిర్దౌస్ మండిపడింది.

“నా ఆర్నెల్ల పని నాశనం జేశావు గదత్తా!”

“మీ అబ్బ ఇంజను తప్పు బిగిస్తే మళ్లీ విప్పడా? నువ్వూ విప్పవే. నిన్నిప్పుడు దొంగనేవోళ్లు లేరుగా!”

కోపం చల్లారాక ఫిర్దౌసే బతిమాలినా శివరామయ్యగారు వినలేదు. పిచ్చమ్మ పని పోయింది. బెల్లంకొండలో తమ్ముడి పంచన చేరింది. కొత్త ఎలుకలతో మళ్లీ జరిగిన ప్రయోగంలో హార్మోను పడిపోయింది.

ఆరేళ్ల తరువాత ఆమె నుండి ఉత్తరం వచ్చింది:

“మాస్టారికి దండాలు. తమ్ముడి మేకలు కాస్తన్నా. పోయిన వారం ఫిర్దౌసు వచ్చింది, ఉద్యోగమంట, చీర తెచ్చింది. నేను జేసింది తప్పేనని దానికి మళ్లీ చెప్పా. అయినా వణికేదాన్ని చూస్తా ఊరకుండటం నాకిప్పటికీ చేతగాదు. రెండోసారి ఎలుకల్ని ఏంజేశారో అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలా. మీకు తెలిస్తే నాకు చెప్పమాకండి.”