షావుకారి బామ్మర్ది, నెట్‌వర్క్ కార్డు

నాకు కోపమొస్తే తొందరగా పోదు. మా ఇంట్లోవాళ్లు నన్ను కుంపటి అంటారు. అనుకోనీ.

ప్రొద్దుటూరులో ఒక బట్టలంగట్లో కంప్యూటర్లు చూసుకుంటాంటి. మూలగదిలో పాత యునిక్స్ సర్వరు ఉండ్య. ఈడి బిల్లులు, జమ్మలమడుగు అంగడివి, పులివెందుల అంగడివి అన్నీ దాని మీదనే. ముసలిదే గానీ మొండిది. నన్ను ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలే.

ఆ యేడు ఆయుధపూజకు సెలవు పెట్టి లింగాలలో అత్తగారింటికి పోయింటి. తిరిగొచ్చేసరికి సర్వరు లేస్తాంది గానీ నెట్‌వర్క్ లేదు. బిల్లు కౌంటర్లన్నీ చచ్చిపడినాయి. జమ్మలమడుగు లేదు, పులివెందుల లేదు. నెట్‌వర్క్ కార్డు దొరకలేదని స్క్రీన్ మీద ఒకటే పాట.

నేనింకా కుర్చీలో కూచోలే. షావుకారి బామ్మర్దే ఆ అంగడికి మేనేజరు. నాకంటే శానా చిన్నోడు. గిరాకీల ముందర గొంతు పెంచినాడు.

“పక్కంగడోళ్లు ఏం పెట్టినారో వీనికి! కావాలనే చెడగొట్టి ఊరికి పోయినాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే నాకొడుకు.”

షావుకారు పక్కనే ఉన్నాడు. ఒక్క మాటన్నా అడ్డం చెప్పలే. నేను వచ్చిన కాళ్లతోనే బయటికొచ్చేసినా.

ప్రొద్దుటూరు బజారు సంగతి తెలిసిందే కదా. ఒకంగట్లో అన్న మాట మధ్యాన్నానికి అన్ని అంగళ్లకూ పోతాది. చెడగొట్టే మనిషని పేరు పడినంక ఇంగ ఎవరు నన్ను కంప్యూటరు ముట్టుకోనిస్తారు? నాకు తెలిసిన పని అదొక్కటే. ఆ పేరు పెట్టినోని నోటితోనే దాన్ని పోగొట్టల్ల అని ఒట్టు పెట్టుకున్నా.

కడప నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన్ను పిలిపిచ్చినారు. ఆయన కొత్త కార్డు తెచ్చి పెట్టినాడు. అదీ దొరకలే. ఎట్ట దొరుకుతాది? ఆ యునిక్స్ పుట్టినప్పటికి ఆ కార్డే పుట్టలే! పాపం మంచోడు, నాకే ఫోన్ చేసినాడు.

“అన్నా, పాత కార్డే మళ్లా పెట్టినా. బాగానే ఉన్నట్టుంది, అయినా గుర్తు పట్టలే. దాని మీద కుంకుమ బొట్టు ఉండాది. దానికేమన్నా చెడిందంటావా?”

“బొట్టెవరు పెట్టినారప్పా?”

“మేనేజర్ సారంట. పండగనాడు మూత విప్పి, దుమ్ము దులిపి, లోపల గూడా పూజ చేసినానని గొప్పగా చెప్తాండాడు.”

“ఏ గాడిలో, అదే ఏ స్లాట్‌లో ఉండ్య కార్డు?”

“రెండో దాంట్లో.”

నేను పెట్టింది మూడో దాంట్లో. నాకు నవ్వాగలే. కార్డు పీకి, బొట్టు పెట్టి, చేతికందిన గాడిలో గుచ్చినాడు మహానుభావుడు. ఇప్పటి మిషన్లకు ఏ గాడైనా ఒకటే. ఈ ముసలిది అట్ట కాదు, మొదట ఏ గాడిలో చూపిచ్చినామో ఆడే ఎతుకుతాది.

“నాకేం తెలుసప్పా? చెడగొట్టినోన్ని కదా, బాగు చేసేది నాకెట్ట వస్తాది?” అని ఫోన్ పెట్టేసినా.

దీపావళి దగ్గర పడింది. చేత్తో బిల్లులు రాస్తాంటే గిరాకీ విసుక్కోని పోతాంది. జమ్మలమడుగులో అయిపోయిన చీర పులివెందులలో ఉండాదో లేదో చెప్పేదానికి లేదు. షావుకారు ఫోన్ చేసినాడు.

“ఏదో నోరు జారినాడులే. మనసులో పెట్టుకోకుండా రాప్పా.”

“వస్తా షావుకారూ. అన్నోడు పిలవల్ల.”

సాయంత్రం బామ్మర్ది స్వీట్ల డబ్బా పట్టుకోని మా ఇంటికొచ్చినాడు. ఆ పొద్దు ‘వీడు’ అన్న నోరే ఇప్పుడు ‘మామా’ అనింది.

“తప్పయిపోయింది మామా.”

“తిట్టేది బజార్లో, తప్పయిందనేది ఇంట్లోనా? ఆ డబ్బా తీస్కోని పో.”

“ఇంటికొచ్చిన మనిషిని అట్టనా అనేది?” అని మా ఆమె లోపల్నుంచి అరిచింది. నేనే లేచి తలుపేసినా. ఎంత హాయిగా ఉండ్యో చెప్పలేను.

అంగట్లోనే చెప్తానని మళ్లా కబురు పెట్టినాడు. పండగ ముందర, అంగడి కిటకిటలాడే పొద్దు చూసుకోనే పోయినా. బామ్మర్ది కౌంటరు దగ్గర నిలబడి, నేలచూపులు చూస్తా చెప్పినాడు.

“ఈయన చెడగొట్టలేదు. నేనే తప్పుగా అన్నా.”

“ఇనపడలే” అంటి.

మళ్లా గట్టిగా చెప్పినాడు. చీరలు చూసే ఆడోళ్లు గూడా ఇటు తిరిగినారు.

అప్పుడు మూలగది తలుపు బార్లా తెరిచి, సర్వరు ఆపి, మూత తీసినా. కొత్త కార్డు మీద చెయ్యి గూడా వెయ్యలే. పాతదాన్నే పీకి, దాని గాడిలో కూచోబెట్టి, స్క్రూ బిగిచ్చి మళ్లా ఆన్ చేసినా. కౌంటర్లు ఒక్కొక్కటే లేచినాయి. జమ్మలమడుగు వచ్చింది, పులివెందుల వచ్చింది.

షావుకారు నోరెళ్లబెట్టినాడు. “ఇంతేనా? ఇన్నాళ్లూ ఏమైండ్య దానికి?”

“నన్నడుగుతారేంది షావుకారూ? మీ బామ్మర్దినడగండి. పూజ నాడు దాన్ని పీకి పక్క గాడిలో గుచ్చింది ఆయనే కదా.”

బామ్మర్ది మొగంలో నెత్తురు చుక్క లేదు. షావుకారు అందరి ముందరా వానికేసి చూస్తా నిలబడినాడు. మొదటి మాటయితే నేను చెప్పిచ్చినా. ఈసారి నేనడగకముందే వాడు చెప్పులేసుకోని అంగడి దిగి పోయినాడు. నా కడుపు చల్లబడింది.