విరిగిన కుర్చీకి గోనెపట్టా

నాంపల్లిలో ఇంటి సామాను ఎక్కిస్తున్న లారీ నుంచి నిన్న గోనెపట్టాల వాసన వచ్చింది. వెంటనే చిన్నప్పుడు అబిడ్స్‌లో మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ గుర్తొచ్చింది. ఆమెను నేనింకా క్షమించలేదు.

నాన్న దవాఖానలో ఉండగానే ఆమె మమ్మల్ని ఖాళీ చేయమంది. ఇళ్ళు మార్చే హమాలీలను అమ్మ పిలిపిస్తే, మేడ మీద నిలబడి గల్లీ అంతా వినేట్టు నవ్వింది. "ఏమున్నదని లారీ తెప్పిచ్చిన్రు? గా చింపిరి పరుపులకా?"

గదిలో అమ్మ కదలకుండా నిలబడిపోయింది. హమాలీల పెద్ద యాదగిరి తలుపు దగ్గరికి వేసి, దూది బయటపడ్డ పరుపునూ కాలు విరిగిన కుర్చీనీ ఖరీదైన సామానుకు చుట్టినట్టు లోపలే గోనెపట్టాల్లో చుట్టించాడు. మేము గొప్పవాళ్ళమని పొరబడ్డాడేమోనని నాకు భయం వేసింది.

"మామా, అది విరిగిపోయింది," అన్నాను.

"నాకెరుకే బిడ్డా. గల్లీకెందుకు ఎరుక కావాలె?" అన్నాడు. తలుపు తీసి గట్టిగా అరిచాడు: "జర పైలంరా! అమ్మగారి సామాను!"

మేడ మీది ఆమెకు మూటలు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ తలెత్తుకుని నడిచి వెళ్ళి లారీ ముందు సీట్లో కూర్చుంది.

హమాలీలు మోసేది బరువు మాత్రమేనని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఊరుకోను.