మా మైకు కూతురి చెవులు

మా అక్కని వీధి వీధంతా మైకు అంటారు. అనేవాళ్ళ నోళ్ళు పడిపోను! పొద్దస్తమానం మరమగ్గాల మధ్య నిలబడి తెగిన పోగులు అతికే మనిషి. ఆ రొదలో పక్కవాళ్ళకి మాట వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఇంటికొస్తే కూతురికి వినబడదు. పిల్ల మొండిదని బళ్ళో పంతులమ్మ మూలన కూర్చోబెట్టేది. తీరా చూస్తే చెవిపొరల వెనక జిగురునీరు చేరిందట.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆ నీరు తీసేసి, మళ్ళీ చేరకుండా చెవిపొరల్లో బియ్యపు నూకంత ట్యూబులు పెట్టారు. కుడిచెవికి మెత్తటి సిలికాన్‌ది, ఎడమచెవికి టైటానియంది. ఏది పూడుకోకుండా ఎక్కువకాలం ఉంటుందో పోల్చి చూస్తామన్నారు. పదిమంది పిల్లలకి మేలు జరుగుతుందంటే అక్క సరేనంది.

ఇంటికొచ్చిన మర్నాడే పిల్ల రెండు చెవులూ మూసుకుని, "అరవకే అమ్మా!" అంది. కూతురి చేత చీవాట్లు తిని అంత మురిసిపోయిన తల్లిని నేనెక్కడా చూళ్ళేదు. మగ్గాల షెడ్డులో అందరికీ చెప్పుకుంది, అదీ అరిచి మరీ.

కొన్నాళ్ళకి పిల్ల నోట ఆ మాట ఆగిపోయింది. అక్క ఎంత అరిచినా పిల్ల కిమ్మనలేదు. అక్క నన్నూ పిల్లనీ వెంటేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు చెవుల్లోకి చూసి, "రెండూ పూడుకుపోయాయమ్మా. ఇప్పుడు శుభ్రం చేస్తే ఏ ట్యూబు మేలో తేల్చే మా పోలిక చెడిపోతుంది. ఏది దానంతటది తెరుచుకుంటుందో చూద్దాం, వచ్చే నెల రండి" అన్నాడు. ఎంత చల్లగా అన్నాడో! పెరట్లో రెండు మొక్కలు నాటుకున్నట్టు! నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"మీ పోలిక మండిపోనూ! మాటలు నేర్చే వయసండీ దానిది. నెల్రోజులు చెవిటిదాన్ని చేసి కూర్చోబెట్టమంటారా? ఏది గొప్పదో తర్వాత తేల్చుకోండి. ముందు నా పిల్ల చెవులు తెరవండి. అందాకా ఇక్కణ్ణుంచి కదల్ను, ఏం చేసుకుంటారో చేసుకోండి!"

వరండాలో జనమంతా గుమ్మం దగ్గరికొచ్చేశారు. డాక్టరు మొహం కందగడ్డయింది. మందు చుక్కలు వేసి, కాసేపాగి, సన్నటి గొట్టంతో రెండు ట్యూబుల్లోని జిగురూ లాగేశాడు. అంతసేపూ అక్క తిడుతూనే ఉంది.

పిల్ల ఉలిక్కిపడి చెవులు మూసుకుంది.

"అరవకే అమ్మా!"

అక్క టక్కున ఆగిపోయింది. పిల్లని గుండెకి హత్తుకుని, "అరవన్లేవే తల్లీ, అరవను" అంది. ఆ మాట పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.