చివరి ఇంటి కొళాయి

మీ ఇంటి కొళాయి కింద గుంట ఉంది. లేదని బుకాయించకండి. వీధి గొట్టంలో నీళ్ళు ముందే లాక్కోవడానికి, మోకాలి ఎత్తున ఉండాల్సిన కొళాయిని నేల లోపలికి దించుకున్నారు. మిట్ట మీదున్న చివరి ఇంటికి చుక్క ఎక్కలేదు. ఆ ఇంటి టీచరమ్మ మొన్న మంగళవారం పోయారు. ఆమె చివరి స్నానానికి ఇంటికో బిందె మోసుకొచ్చారు. బతికుండగా ఒక్కరు తెచ్చారా?

నీళ్ళు ఎలా వాడాలో మాకు నేర్పింది ఆమే. బియ్యం కడిగిన నీళ్ళలో ఆకుకూర జాడించి, వాటినే కరివేపాకు మొక్కకు పోసేవారు. వెడల్పు బేసిన్లో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్ళు వాకిట్లో చల్లేవారు. పాత కుండకు అడుగున చిల్లి పెట్టి, గుడ్డ పేలిక దూర్చి, బొప్పాయి మొదట్లో పాతేవారు. ఒకసారి నింపితే రెండు మూడు రోజులు ఊరేది. చుట్టూ మిరప తొడిమలు పరిచేవారు.

"తేమ ఆరదు, కోడి కాలు పెట్టదు" అని నవ్వేవారు.

ఆ పొదుపే ఆమె కొంప ముంచింది. చివరి ఇంటి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఆవిడకెందుకండీ, రెండు చెంబులతో సంసారం లాగేస్తది" అనేవాళ్ళు. మెచ్చుకుంటూనే ఆమె వాటా మింగాం. ఆ వయసులో ఆమె బస్టాండు బోరింగు నుంచి బిందె మోశారు.

మింగాం అన్నది ఊరికే కాదు. కిందటి వేసవి పంచాయతీ ఆఫీసు ముందు నీటి హక్కు మీద గంటసేపు మాట్లాడాను. మర్నాడు ఆమె బిందెతో మా గేటు దగ్గర ఆగారు.

"ఏమయ్యా, బాగా మాట్లాడావంట. మీ గుంట ఎంత లోతు?"

"రెండడుగులేనండీ."

"దాంట్లో దిగి మాట్లాడాల్సింది. మాకూ వినపడేది."

సిగ్గేసి వీధివాళ్ళను పోగేశాను. గుంటలు పూడుస్తామని ఆమె ఎదుటే అందరం ఒప్పుకున్నాం. వారం తిరిగేసరికి గుంటల మీద మార్టూరు రాతి పలకలు కప్పాం, అంతే. నేనూ కప్పాను. పలక మీద కాలు పెట్టి చూసి, ఆమె బిందె చంకకెత్తుకుని బోరింగు వైపు నడిచారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె అక్కగారు ఒక్కరే ఉన్నారు. సంతాప సభలు వద్దు. కావలసినవి ఇవి:

పలకలు తీసి గుంటలు పూడ్చాలి. మాది నిన్న పూడ్చాను, వచ్చి చూసుకోండి.

కొళాయిలు మోకాలి ఎత్తుకు లేపాలి.

చివరి ఇంటివాళ్ళు పట్టుకున్నాకే మిగతావాళ్ళు తిప్పాలి.

పొదుపు చేసేవాళ్ళ వాటా కొయ్యకూడదు.

ఆదివారం లోగా అక్కగారి కొళాయిలో నీళ్ళు పడాలి.