గడియ చూసి పిల్లను వేయమన్న టీచరమ్మ

మొన్న శుక్రవారం పొద్దున్న జీడిపిక్కలు కొడుతున్నాను. మా వీధి టీచరమ్మ పోయిందని కబురొచ్చింది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. నాకు అక్షరమ్ముక్క రాదు. నేను చెబుతున్నాను, నా మనవరాలు రాస్తోంది. ఊరికి కొత్తగా వచ్చి, పిల్లల్ని ఏ బడిలో వేయాలో తెలీక తిరిగేవాళ్లు ఇది వినాలి.

మాది వజ్రపుకొత్తూరు వైపు. అక్కడ ఇంటింటా కిడ్నీ జబ్బే. అది నా కొడుకునీ తీసుకుపోయాక, కోడల్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని పలాస వచ్చేశాను. టై కట్టే బడి ఒకటి చూసి పిల్లని వేశాను. బస్సుంది, పెద్ద బోర్డుంది, ఇంకేం కావాలనుకున్నాను.

టీచరమ్మ అప్పట్లో మా ఇంటి దగ్గరి ప్రభుత్వ బడిలో చెప్పేది. ఒక సాయంత్రం మా గుమ్మం ముందు ఆగి, మనవరాలి సంచిలో నీళ్ల సీసా తీసి చూసింది. పొద్దున్న పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"ఏటే గుంటా, నీళ్లు తాగలేదేం?"

"మరుగుదొడ్డికి గడియ లేదు టీచర్. తాగితే ఎల్లాల కదా."

కిడ్నీలకి భయపడి ఊరొదిలొచ్చినదాన్ని. నా ఇంటి పిల్ల రోజంతా గొంతెండగట్టుకుంటోంది!

"అయితే మీ బడిలోనే ఏసేత్తానమ్మా," అన్నాను.

"ఇప్పుడే వద్దు మామ్మా. మాదాన్లోనూ గడియ ఊడిపోయింది. పెట్టించాక చెబుతాను."

తన బడి లోపం తన నోటితో చెప్పిన మనిషిని అప్పుడే చూశాను. మూడోనాడు కొత్త గడియ పట్టుకుని, వడ్రంగిని వెంటేసుకుని వెళ్లింది. బిగించాక నన్ను పిలిచి, లోపలికి పంపి గడియ వేయించింది. "బయట్నుంచి తోస్తాను. తెరుచుకుంటే పిల్లని వేయకు," అంది. భుజం పెట్టి మరీ తోసింది. తెరుచుకోలేదు. మర్నాడే పిల్లని చేర్పించాను.

"బోర్డు చదవడం రాదని బెంగపడకు మామ్మా. బోర్డు అబద్ధమాడొచ్చు, గడియ ఆడదు," అనేది.

ఇంటర్‌కి పలాసలో, డిగ్రీకి టెక్కలిలో కాలేజీలు నేనే చూసొచ్చాను. బస్సు దిగి గేటు దాకా నడిచి, కుళాయి తిప్పి, గడియ లాగి మరీ చూశాను. పక్కింటావిడ నవ్వింది.

"ఓలమ్మో, సంతకం రాని ముసల్ది కాలేజీలకి మార్కులేత్తందట!"

"ఏత్తానే. నీ గుంటకీ కావాలంటే రా, సూపిత్తాను."

మరుసటేడు వచ్చింది కూడా, కూతుర్ని తీసుకుని.

నా మనవరాలిది ఇప్పుడు డిగ్రీ ఆఖరేడు. ఈ ముక్క రాయడానికి సిగ్గుపడుతోంది. రాయవే, అన్నాను.

టీచరమ్మని కడసారి చూసి వస్తూ ఆ బడిలోకి వెళ్లాను. తలుపు రంగు పెచ్చులూడిపోయింది. గడియ మాత్రం ఇన్నేళ్ల ఆడపిల్లల వేళ్లు తగిలి, తోమిన గిన్నెలా మెరుస్తోంది. దాన్ని తడుముతూ నిలబడ్డాను.

"జరుగు మామ్మా, బేగి!" వెనకనుంచి ఓ పిల్ల. చేతిలో ఖాళీ సీసా.

పక్కకి తప్పుకున్నాను. లోపల గడియ టక్కున పడింది.