తొమ్మిది ఆర్కిడ్లలో ఏడు పోగా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏది పోయినా గాలివానతోనే పోయేది. ఖరగ్‌పూర్‌లో వేసవి సాయంత్రాల్లో విరుచుకుపడే ఆ వానను ఇక్కడివాళ్లు కాల్‌బోయిశాఖి అంటారు. నా ఇరవయ్యో ఏట వచ్చిన ఒకదానిలో మేం పోగొట్టుకున్నవి ఇప్పటికీ వేళ్ల మీద చెప్పగలను: వరండా రేకులు మూడు, అమ్మ ఆరేసిన చీర ఒకటి (రెండని ఆవిడ వాదన), ఆర్కిడ్ మొక్క ఒకటి, ఆర్కిడ్ల పేర్లు తొమ్మిది. రేకులు మర్నాడే వేయించుకున్నాం. చీర సంగతి అమ్మ మరిచిపోయింది (మరిచిపోలేదు). ఆ పేర్ల లెక్క మాత్రం పాతికేళ్లు దాటినా నాకు తెగలేదు.

నేనప్పుడు రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. లైను పక్క చెట్లు కొట్టినప్పుడు కొమ్మలను పట్టుకుని ఉన్న ఆర్కిడ్లను నాన్న తెచ్చేవాడు. వాటిని చెక్కముక్కలకు కట్టి క్వార్టరు వరండాలో వేలాడదీయడం నా సరదా. అలా ఎనిమిది పోగయ్యాయి. తొమ్మిదోది పక్క క్వార్టరు దిదాది. (దిదా అంటే బెంగాలీలో అమ్మమ్మ. ముప్పై ఏళ్లు మా అమ్మతో గోడ మీంచి మాట్లాడి తెలుగు నేర్చుకున్న మనిషి కనుక, మా శ్రీకాకుళం యాస కూడా ఆవిడకు పట్టుబడిపోయింది.) ఆవిడ భర్త ఉత్తరాది కొండల నుంచి తెచ్చిన మొక్క అది. ఆయన ఉండగా ఒకే ఒక్కసారి పూసింది. ఆయన పోయాక, తన వరండాలో నీడ లేదని, దాన్ని మావాటి మధ్య కట్టించింది. ఏది ఏదో తెలియాలి కదా అని ప్రతి చెక్క మీదా సుద్దముక్కతో పేరు రాశాను. వర్క్‌షాపులో వ్యాగన్ మీదా చక్రం మీదా అన్నిటి మీదా సుద్దతోనే రాస్తాం, నెలల తరబడి చెరగదు. చెరగకపోవడానికి కారణం షాపుకు పైకప్పు ఉండటమేనన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

వాన వెలిశాక చూస్తే మొక్కలన్నీ పెరట్లో కుప్పగా పడి ఉన్నాయి. చెక్కలు శుభ్రంగా కడిగినట్టున్నాయి. ఎనిమిదే దొరికాయి. దొరకని ఒక్కటీ గేటు బయట ఒక ఆవు నోట్లో కనిపించింది, అప్పటికి రెండు వేళ్లు మాత్రమే బయట వేలాడుతున్నాయి. ఇక మిగిలిన ఎనిమిదింటినీ వరసగా పెట్టి చూస్తే, పూలు లేని ఆర్కిడ్లన్నీ నాకు ఒకేలా కనిపించాయి. అన్నాళ్లూ నేను చూసింది మొక్కల్ని కాదు, నా చేతిరాతని.

సరిగ్గా ఆ వారమే దిదా మకాం ఎత్తేసి సాలువాలో కొడుకింటికి వెళ్లిపోతోంది. వెంట తీసుకెళ్లే సామానులో ఆవిడ మొదట చెప్పింది తన మొక్క సంగతే.

"దిదా, మీదాని ఆకు ఎలాగుండీది?" అని మాటవరసకు అడిగినట్టు అడిగాను.

"ఆకునెవులు సూస్తారు బాబా? పువ్వు సూసినాను. తెల్లగా, గొంతులో పసుపు. మీ దాదూ నా పక్కనే నిలబడి సూసినాడు" అంది. దాదూ అంటే ఆ పోయినాయన.

ఆ మాట విన్నాక నాన్న కాలిపర్స్ తీసి ఎనిమిది మొక్కల ఆకులూ కొలిచాను. పొడవుకు ఇన్ని మార్కులు, మందానికి ఇన్ని, వేరు రంగుకు ఇన్ని అని పెట్టి, కొండజాతి ఏదో కూడికలో తేలుతుందనుకున్నాను. మూడోదీ ఏడోదీ సమానంగా వచ్చాయి. టీ తాగి మళ్లీ కొలిస్తే అయిదోది గెలిచింది (ఈసారి కాలిపర్స్ కాస్త గట్టిగా నొక్కినట్టున్నాను).

అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఏట్రా, మొక్కలకి జాతకాలు కడతన్నావేటి? ఎనిమిదీ ముసలమ్మకిచ్చీ. పూసినప్పుడు తనది కానిది తనే ఎనక్కి పంపుతాది" అంది. నా లెక్కలన్నిటికంటే అదే నయమనిపించి, దిదాకు జరిగింది చెప్పి ఎనిమిదీ బండెక్కించాను. ఆవిడ కోప్పడలేదు. "ఆవు తిన్నాదా? పాపం, దానికి అరిగినాదా?" అని మాత్రం అడిగింది.

తర్వాత ఏడాదికొకటో రెండో తిరిగి రావడం మొదలైంది. దిదా కొడుకు స్కూటర్ ముందు బుట్టలో పూలతో సహా ఆర్కిడ్ దిగేది, వెంట దిదా చెప్పి పంపిన ఒకే మాట: "ఎటా ఆమార్ నా." ఇది నాది కాదని. ఒకసారి ఊదారంగు, ఒకసారి నక్కతోకలా వేలాడే గులాబీ గుత్తి. ప్రతిసారీ మా అమ్మ మురిసిపోయేది, నేను ఎనిమిదిలోంచి ఒకటి తీసేసేవాణ్ణి. ఏడోది వచ్చిన రోజు సైకిలెక్కి సాలువా పరిగెత్తాను.

"దిదా, ఎనిమిదిలో ఏడు పోతే ఒకటి. మీ దగ్గరున్నది మీదే. పువ్వు అక్కర్లేకుండానే తేలిపోయింది!"

"పక్కా?"

"పక్కా దిదా. లెక్క తప్పదు."

ఆవిడ ఆ మొక్కను లోపలి గదిలోకి తీసుకెళ్లి దాదూ ఫోటో పక్కన తగిలించింది. నేను ఈల వేసుకుంటూ తాల్‌బగీచా దాకా వచ్చాక, రోడ్డుకు అడ్డంగా ఒక ఆవు నిలబడి ఉంది. బ్రేకు వేశాను. అసలు మొక్కలు తొమ్మిది. తొమ్మిదిలో ఏడు పోతే రెండు. అందులో ఒకటి దిదా గోడ మీద ఉంటే, రెండోది ఆవు కడుపులోకి పోయింది. ఆవిడది ఏదైనా కావచ్చు, చెరిసగం.

వెనక్కి వెళ్లి చెప్పలేకపోయాను. ఆ గదిలో వెలుతురు లేదనీ, వెలుతురు లేకపోతే ఆర్కిడ్ ఆకులేస్తుంది గానీ పూయదనీ తర్వాతెప్పుడో తెలిసింది. అది కూడా చాలా ఏళ్లు చెప్పలేదు. పోయిన నెల వెళ్లినప్పుడు, దిదాకు తొంభై నిండాయి కదా, ఇంకెన్నాళ్లని ధైర్యం చేశాను.

"దీన్ని కిటికీ దగ్గర పెడితే పూస్తుందేమో దిదా."

ఆవిడ మొక్క వైపు చూసి, ఫోటో వైపు చూసి, "వద్దు బాబా, ఇక్కడే బాగున్నాది" అంది. తర్వాత నవ్వి, "ఆ ఆవు తిన్న రోజే నానూ లెక్కెట్టినాను, తొమ్మిదిలోంచి" అంది.

మా ఇద్దరిలో లెక్క ఎవరికి వచ్చినట్టో ఇప్పటికీ అర్థం కాదు. ఏడు ఆర్కిడ్లూ మా వరండాలో ఏటేటా పూస్తున్నాయి. ఇంకా రావలసింది, పువ్వు ఒకటి.